రెండు సెకన్లలో 55 మీటర్లు

కారు కదులుతున్నంత సేపు డ్యాష్‌బోర్డు మీది టచ్‌స్క్రీన్ జోలికి వెళ్లకండి. ఏసీ తగ్గించడానికైనా, పాట మార్చడానికైనా, మ్యాప్ పెద్దది చేసుకోవడానికైనా సరే. తప్పదనుకుంటే బండి పక్కకు తీసి, ఆపి, అప్పుడు చేసుకోండి. ఇంత కటువుగా చెప్పడానికి కారణం చిన్న లెక్క. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. తెర మీద ఒక గుర్తు వెతికి నొక్కడానికి రెండు సెకన్లు పట్టిందనుకోండి, బండి 55 మీటర్లు దాటేసింది. హైదరాబాద్ ఔటర్ మీద 120లో పోతుంటే అది 67 మీటర్లు. అంత దూరంలో విజయవాడ హైవే మీద ఏమేం ఎదురవుతాయో ఆ దారిన తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. వెనక లైటు లేకుండా రోడ్డు అంచున ఆగిన లారీ, రాంగ్ రూట్లో వచ్చే ఆటో, డివైడర్ సందులోంచి దూరే బైకు, ఇంటికి మళ్లిన గేదెల మంద.

ఫోను పట్టుకుని నడపడం తప్పని ఇప్పుడు అందరికీ తెలుసు. తెలిసీ చేసేవాళ్లున్నారు, అది వేరే సంగతి. కనీసం చేస్తున్నది తప్పన్న జంకైనా ఉంటుంది. కారులో బిగించి వచ్చిన తెర విషయంలో ఆ జంకు కూడా లేదు. కంపెనీవాడే పెట్టాడు, ప్రభుత్వమే రిజిస్ట్రేషన్ చేసింది, ఇక ప్రమాదమేముంటుందన్న భరోసా. పైగా ఫోనైతే జేబులో వేసుకుని నడపొచ్చు. ఏసీ, గాలి, అద్దాలు, కొన్ని బళ్లలో హెడ్‌లైట్లు కూడా తెరలోపలే ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకుండా నడపమంటే ఎలా? అసలు గొడవంతా ఇక్కడే ఉంది. పాటలు తెరలోకి వెళితే ఎవరికీ పేచీ లేదు. బండి నడపడానికి కావలసినవి కూడా వెళ్లిపోతున్నాయి.

స్వీడన్‌లో 'వీ బిలెగరే' అనే కార్ల పత్రిక 2022లో ఒక పరీక్ష చేసింది. ఒక విమానాల రన్‌వే మీద పదకొండు కొత్త కార్లను, వాటి పక్కన 2005 నాటి ఓ పాత వోల్వో వీ70ని గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించారు. నడుపుతూ నాలుగు మామూలు పనులు చేయాలి. సీటు వేడి చేసి, లోపలి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెంచి, ముందు అద్దం మీది మంచు కరిగించే గాలి పెట్టడం ఒకటి. రేడియోలో ఫలానా స్టేషన్ పెట్టడం ఒకటి. ట్రిప్ మీటర్ సున్నా చేయడం, డ్యాష్‌బోర్డు వెలుతురు బాగా తగ్గించి తెర ఆర్పేయడం మిగతా రెండు. డ్రైవర్లకు ముందుగా ఆ కార్లను అలవాటు చేసుకునే సమయం కూడా ఇచ్చారు. బటన్లున్న పాత వోల్వోలో ఈ నాలుగు పనులూ 10 సెకన్లలో అయిపోయాయి. కారు 306 మీటర్లు పోయింది. అన్నిటికన్నా వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో దాదాపు 45 సెకన్లు పట్టింది, బండి 1,372 మీటర్లు పోయింది. కిలోమీటరుకు పైగా. ఆ మోడల్ మన దగ్గర అమ్మకానికి లేదు కదా అని ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. ఎంతో ఖరీదైన బీఎండబ్ల్యూ ఐఎక్స్‌కు కూడా 30 సెకన్లు దాటింది. డబ్బు పెట్టినకొద్దీ పని సులువవుతుందన్న మన నమ్మకం ఇక్కడ చెల్లలేదు. ఆ వరసలో బాగా చవక కారైన డేసియా సాండెరో 13.5 సెకన్లలో ముగించింది. దానికి బటన్లున్నాయి.

తేడా ఎక్కడ వస్తోందంటే, బటన్‌ను చెయ్యి వెతుక్కుంటుంది, తెరను కన్ను వెతకాలి. కరెంటు పోయిన రాత్రి సొంత వంటింట్లో అగ్గిపెట్టె దొరికినట్టే, ఏడాది నడిపిన కారులో ఫ్యాన్ నాబ్ చేతికి దొరుకుతుంది. దాని గుండ్రటి అంచు, తిప్పినప్పుడు టక్కుమనే మెట్టు వేళ్లకు తెలుస్తాయి. ఎంత తిప్పామో, పని అయిందో లేదో చూడనక్కర్లేదు. నున్నటి గాజు పలకకు ఆ ఎత్తుపల్లాలు లేవు. వేలు ఎక్కడ పడిందో కన్ను చెప్పాలి. నొక్కుడు పడిందో లేదో మళ్లీ కన్నే చెప్పాలి. పైగా నిన్న మొదటి పేజీలో ఉన్న గుర్తు, రాత్రికి రాత్రి వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత రెండో పేజీలోకి వెళ్లిపోవచ్చు. అలా జరిగిన రోజున అన్నేళ్ల అలవాటూ గంగలో కలిసినట్టే.

ఈ విషయం విమానాలవాళ్లు ఎనభై ఏళ్ల కిందటే నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగాక కూడా పైలట్లు పొరపాటున చక్రాలు ముడిచేసి విమానాన్ని పొట్ట మీద కూర్చోబెట్టేవారు. రెక్కల వెనక ఉండే ఫ్లాప్‌లను లేపే మీట, చక్రాలు ముడిచే మీట పక్కపక్కనే, ఒకేలా ఉండేవి. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పైలట్లను తిట్టలేదు. చక్రాల మీట కొసకు చిన్న చక్రం లాంటి రూపం, ఫ్లాప్ మీటకు రెక్క అంచు లాంటి రూపం ఇప్పించాడు. చెయ్యి తగలగానే ఏది ఏదో తెలిసిపోతుంది. ఇప్పటికీ విమానాల్లో చక్రాల మీట కొస చక్రం ఆకారంలోనే ఉంటుంది. అమెరికా నిబంధనల్లో కూడా ఆ మాట రాసి ఉంది. పైలట్‌కు శిక్షణ ఉంటుంది, పక్కన ఇంకో పైలట్ ఉంటాడు, ఎదురుగా ఆకాశం ఖాళీగా ఉంటుంది. అయినా వాళ్లకు చేత్తో తడిమి గుర్తుపట్టే మీటలు కావాలన్నారు. కోదాడ దగ్గర లారీల మధ్య నడిపే మనిషికి మాత్రం నున్నటి గాజు చాలన్నమాట!

ఇక మన దేశపు ఇబ్బందులు కొన్ని వేరే ఉన్నాయి. వీటి గురించి యూరప్ పరీక్షలు మాట్లాడవు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి తెర డ్రైవరుకు ఎడమ పక్కన పడుతుంది. మనలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. అంటే అలవాటు లేని ఎడమ చేత్తో, గోరంత గుర్తు మీద, కదిలే బండిలో గురి పెట్టాలి. ఆ ఎడమ చేతికే గేర్ రాడ్, హ్యాండ్ బ్రేకు బాధ్యతలు కూడా. చెయ్యి గాల్లో ఆనుడు లేకుండా చాచి ఉంటుంది. గుంటలో చక్రం పడగానే వేలు ఎగిరి పక్క గుర్తు మీద పడుతుంది. నాబ్ అయితే పట్టుకుంటే అదే చేతికి ఆసరా. తెర కోసం చెయ్యి చాచినప్పుడు డ్రైవర్లు తమకు తెలియకుండానే స్టీరింగ్‌ను కొంచెం లాగేస్తున్నారని, కారు వరస తప్పుతోందని మజ్దా ఇంజినీర్లు గమనించి, 2019 మజ్దా 3లో టచ్ తీసేసి తిప్పే నాబ్ ఒక్కటే ఉంచారు. విచిత్రమేమిటంటే అదే మజ్దా తన తాజా సీఎక్స్-5లో ఆ నాబ్‌ను తీసి పెద్ద తెర పెట్టింది. షోరూముల గాలి ఎటు వీస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

చత్వారం సంగతి ఇంకొకటి. నలభై దాటినవాళ్లలో చాలామందికి దూరం బాగా కనిపిస్తుంది, దగ్గరివి మసకబారతాయి. పేపరు చదవడానికి కళ్లజోడు పెట్టుకుంటారు, బండి నడిపేటప్పుడు పెట్టుకోరు. వాళ్లకు రోడ్డు స్పష్టం, తెర మసక. చూపు దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి మళ్లీ దూరానికి సర్దుకోవడానికి వయసుతో పాటు ఎక్కువ సమయం పడుతుంది. తెర మీద గడిపిన రెండు సెకన్లకు ఆ సర్దుబాటు సమయాన్ని కూడా కలపాలి. ఇక మెనూలు ఎక్కువగా చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. బతుకుదెరువుకు స్టీరింగ్ పట్టినవాళ్లలో ఇంగ్లిష్ చదవలేనివాళ్లు ఎంతమందో యజమానులకు తెలుసు. నీలం, ఎరుపు రంగులున్న నాబ్‌ను ఎటు తిప్పాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు మెనూల లోపల దాక్కున్న సెట్టింగును వాళ్లు బండి నడుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కోవాలా?

అన్నిటికన్నా భయం వర్షాకాలంలో. మన వానల్లో ముందు అద్దం రెండు రకాలుగా మసకబారుతుంది. లోపల మనుషుల ఊపిరి, తడి బట్టల చెమ్మ అద్దానికి పడితే లోపలి వైపు ఆవిరి. దీనికి మందు ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించడం. రెండోది ఏసీ గట్టిగా పెట్టుకున్నప్పుడు వచ్చేది. చల్లబడిన అద్దానికి బయటి ఉక్క గాలి తగిలి బయటి వైపు చెమ్మ పడుతుంది. దీనికి మందు ఒకసారి వైపర్ వేసి, ఏసీ చలి తగ్గించడం. అంటే ఒకదానికి చేసే పని రెండోదానికి పనికిరాదు. ఏది లోపలిదో ఏది బయటిదో వేలితో అద్దం తుడిచి చూసి, వెంటనే తగిన పని చేయాలి. ఎదురుగా ఏమీ కనిపించని ఆ కొన్ని క్షణాల్లో డ్రైవరు చూపు రోడ్డు మీద మిగిలిన కాస్త వెలుగును పట్టుకుని ఉండాలి. అలాంటప్పుడు తెర మీద ఏసీ పేజీ తెరిచి, గాలి బాణం గుర్తు వెతకమనడం ఎంత అన్యాయం! వేళ్లు తడిగా ఉంటే చాలా తెరలు నొక్కుడును సరిగ్గా పట్టుకోవు కూడా.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. జర్మనీలో ఒక టెస్లా డ్రైవరు గట్టి వానలో వైపర్ ఎంత వేగంగా తిరగాలో తెర మీద మార్చుకోబోయాడు. ఆ కారులో ఆ సెట్టింగు తెరలోనే ఉండేది. చూపు అటు తిరిగేసరికి కారు రోడ్డు దిగి చెట్లను గుద్దుకుంది. కార్ల్స్‌రూహ్ ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం 2020 మార్చిలో అతని అప్పీలు తోసిపుచ్చింది. 200 యూరోల జరిమానా, నెల రోజులు డ్రైవింగ్ నిషేధం ఖాయమయ్యాయి. కారులో బిగించిన తెర అయినా ఎలక్ట్రానిక్ పరికరమే, రోడ్డును, ట్రాఫిక్‌ను బట్టి అలా చూసి ఇలా తిప్పుకునేంత చూపు కన్నా ఎక్కువ పెట్టడానికి వీల్లేదు అన్నది కోర్టు లెక్క. తీర్పు సరైనదే. కానీ వానలో వైపర్ అవసరం డ్రైవరుది, దాన్ని తెరలో పెట్టింది కంపెనీ, జరిమానా కట్టింది మాత్రం డ్రైవరు ఒక్కడే. మన దగ్గర రేపు ఇలాంటి కేసు వచ్చినా ఇదే జరుగుతుంది.

బ్రిటన్‌లో ఐఏఎం రోడ్‌స్మార్ట్ అనే రోడ్డు భద్రతా సంస్థ కోసం టీఆర్ఎల్ పరిశోధకులు సిమ్యులేటర్ మీద చేసిన అధ్యయనం కూడా అదే 2020లో వచ్చింది. ఫోను యాప్‌లను కారు తెర మీద చూపే ఆపిల్ కార్‌ప్లేను వేలితో తాకుతూ నడిపినవాళ్లు ఎదురుగా ఏదైనా జరిగినప్పుడు స్పందించడానికి మామూలు కన్నా 57 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. అలాంటిదే అయిన ఆండ్రాయిడ్ ఆటోలో 53 శాతం. పోల్చి చూడటానికి, ఆ దేశపు చట్టం అనుమతించే హద్దు వరకు మద్యం తాగినవాళ్లలో ఆ ఆలస్యం 12 శాతం, ఫోను చేత్తో పట్టుకుని మాట్లాడేవాళ్లలో 46 శాతం. శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో బ్రీత్ ఎనలైజర్లు పట్టుకుని నిలబడే పోలీసులు సరైన పనే చేస్తున్నారు. అదే నాకాలో తాగనివాడు తెర మీద పాట వెతుక్కుంటూ దర్జాగా దాటిపోతాడు, ఎవరూ ఆపరు.

ఆపడానికి చట్టం కూడా సరిగా లేదు. మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి చెబుతుంది. 2019 సవరణతో అందులో చేత్తో పట్టుకునే ఫోను లాంటి పరికరాల వాడకం చేరింది, మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల వరకు జరిమానా. చేత్తో పట్టుకునే పరికరం అని రాశారు కాబట్టి డ్యాష్‌బోర్డుకు బిగించిన 15 అంగుళాల తెర ఆ మాటలో ఇమడదు. అరచేతిలో ఇమిడే ఫోను నేరం, అరచేతులు నాలుగు పట్టే తెర సదుపాయం! 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో తెర వల్ల పోయినవాళ్లెందరో ఆ లెక్కల్లో దొరకదు, అలాంటి గడి పోలీసుల ఫారంలో లేదు. బతికి బయటపడ్డ డ్రైవరు కూడా ఆ సమయంలో ఏసీ మార్చుకుంటున్నానని చెప్పుకోడు.

మన దగ్గర ఈ మార్పు ఎంత వేగంగా వచ్చిందో చూడండి. 2019లో ఎంజీ హెక్టర్ 10.4 అంగుళాల నిలువు తెరతో దిగినప్పుడు జనం వింతగా చూశారు. 2023లో మార్పులతో వచ్చిన టాటా నెక్సాన్‌లో ఏసీ బటన్ల చోట నున్నటి నల్ల టచ్ ప్యానెల్ వచ్చింది, చేత్తో కదిపేవి రెండే మిగిలాయి. 2024లో ఎంజీ విండ్సర్ 15.6 అంగుళాల తెర తెచ్చింది. అదే ఏడాది మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈలో డ్యాష్‌బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు మూడు తెరలు, ఒక్కొక్కటి 12.3 అంగుళాలు. 2025 జులైలో ముంబయిలో షోరూము తెరిచిన టెస్లా అమ్ముతున్న మోడల్ వైలో ముందుకు వెళ్లాలన్నా వెనక్కి వెళ్లాలన్నా తెర మీద వేలు జరపాలి. ఆ పక్కన, చాలా మారుతి కార్లలో ఏసీ బటన్లు, నాబ్‌లు ఇంకా ఉన్నాయి. వాటిని పాతకాలం వస్తువులని నవ్వే యూట్యూబ్ సమీక్షకులను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. సమీక్ష చేసేటప్పుడు కారు ఎక్కువ సేపు ఆగి ఉంటుంది, లేదా ఉదయం ఆరింటికి ఖాళీ రోడ్డు మీద ఉంటుంది.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తున్నాయన్నది పెద్ద రహస్యమేమీ కాదు. ప్రతి బటన్‌కూ అచ్చు కావాలి, వైరు కావాలి, దాన్ని బిగించే మనిషి కావాలి. కుడి స్టీరింగు దేశానికి ఒక అమరిక, ఎడమ స్టీరింగు దేశానికి ఇంకొకటి కావాలి. తెర పెడితే అవన్నీ సాఫ్ట్‌వేర్ పనులైపోతాయి, ఏది మరచినా తర్వాత పంపించుకోవచ్చు. అమెరికాలో 2018 నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు కాబట్టి ఎలాగూ ఒక తెర ఉండాల్సిందే. ఉన్న తెరలోకి మిగతావి తోసేస్తే ఖర్చు మిగులుతుంది. ఇక షోరూములో లైట్ల కింద ఆగి ఉన్న కారులో కూర్చుంటే పెద్ద తెర ఎవరికైనా ముద్దొస్తుంది. అమ్మకం అయ్యేది అక్కడే, వాన పడేది తర్వాత.

తెర పూర్తిగా చెడ్డదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. వెనక కెమెరా వల్ల ఇంటి గేటు దగ్గర పిల్లల ప్రాణాలు నిలుస్తున్నాయి. తొడ మీద ఫోను పెట్టుకుని దారి చూసుకోవడం కన్నా డ్యాష్‌బోర్డు మీద పెద్ద మ్యాప్ ఎంతో నయం. అయితే అన్నీ ఒకే తెరలో పెడితే అది చెడిపోయిన రోజున అన్నీ పోతాయన్నది కూడా అనుభవమే. 2021లో అమెరికాలో టెస్లా దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. తెర వెనక ఉన్న మెమరీ చిప్ అరిగిపోయి తెర చచ్చిపోతోంది. దానితో పాటే వెనక కెమెరా, అద్దం మీది ఆవిరి తొలగించే సెట్టింగులు.

కార్లను వదిలేసి యుద్ధనౌకల సంగతి చూడండి. 2017 ఆగస్టు 21న అమెరికా నౌకాదళపు జాన్ ఎస్ మెకెయిన్ సింగపూర్ దగ్గర ఒక చమురు నౌకను గుద్దుకుంది. పది మంది నావికులు చనిపోయారు. చుక్కాని అధికారం ఒక చోట నుంచి ఇంకో చోటికి టచ్‌స్క్రీన్ మీద మారుస్తుండగా అయోమయం ఏర్పడింది, రెండు ప్రొపెల్లర్ల వేగమూ కలిపి తగ్గిస్తున్నామనుకుని ఒక్కదాన్నే తగ్గించారు. శిక్షణ లోపం కూడా ఉందని దర్యాప్తు తేల్చింది. అయినా రెండేళ్ల తర్వాత అమెరికా నౌకాదళం ఆ తరగతి నౌకల్లో వేగం నియంత్రణకు మళ్లీ చేత్తో తోసే మీటలు పెడతామని ప్రకటించింది.

కార్ల కంపెనీల్లోనూ వెనక్కి మళ్లినవాళ్లున్నారు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఎనిమిదో తరంలో తెర కింద వేలితో జరిపే పట్టీ పెట్టి, రాత్రిపూట దానికి వెలుగు కూడా ఇవ్వలేదు. సొంత కస్టమర్లే తిట్టిపోశారు. చివరికి ఆ సంస్థ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మిండ్ట్ 2025లో, ఇకపై సౌండు, రెండు వైపుల ఉష్ణోగ్రత, ఫ్యాన్, హజార్డ్ లైట్లకు అసలైన బటన్లు ఇస్తామన్నారు. టెస్లా కూడా 2023లో మోడల్ 3లో ఇండికేటర్ మీట తీసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టింది, 2025 మోడల్ వైలో మాత్రం మీటను ఉంచేసింది. ఇది హఠాత్తుగా పుట్టిన ఇంగితం కాదు. యూరప్‌లో కొత్త కార్లకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ ఈ ఐదింటికీ చేత్తో తడిమి వాడుకునే మీటలో బటన్లో లేని కార్లకు మార్కులు కోస్తామని ముందే చెప్పింది. ఐదు స్టార్లు పోతాయంటే ఏ కంపెనీకైనా బటన్ ఖర్చు ఒక్కసారిగా చవకైపోతుంది.

మనకూ స్టార్లు ఇచ్చే పద్ధతి ఉంది. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ కారును గుద్ది చూస్తుంది, లోపల పెద్దవాళ్లు, పిల్లలు ఎంత భద్రంగా ఉన్నారో లెక్క కడుతుంది. మంచిదే. కానీ గుద్దుకోకుండా ఉండటానికి డ్రైవరు కళ్లు రోడ్డు మీద నిలుస్తాయా లేదా అన్నదానికి అందులో మార్కుల్లేవు. ఏసీ అంతా తెరలో ఉన్న కారు కూడా ఐదు స్టార్లు తగిలించుకుని ప్రకటనల్లో తిరగొచ్చు. కేంద్ర రవాణా శాఖ ఈ లోపాన్ని వెంటనే పూడ్చాలి. యూరప్ జాబితాను ఉన్నదున్నట్టు దింపితే సరిపోదు. వాళ్ల ఐదింటిలో ముందు అద్దం మీది ఆవిరి తొలగించే బటన్ లేదు. ఆంధ్రలో తుపాను రోజున, ఆదిలాబాద్ ఘాట్‌లో శ్రావణం వానలో మొదట కావలసింది అదే. ఏసీ వేయడం, గాలి అద్దం మీదికి మళ్లించడం, ఫ్యాన్ పెంచడం, వైపర్, హెడ్‌లైట్, నాలుగు ఇండికేటర్లూ కలిపి వేసేది, హారన్. మన జాబితాలో ఇవన్నీ ఉండాలి.

చట్టం వచ్చేలోపు కొనబోయేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. షోరూములో డ్రైవరు సీట్లో కూర్చుని కళ్లు మూసుకోండి. సేల్స్ అబ్బాయి నవ్వితే నవ్వనివ్వండి. కళ్లు మూసుకునే ఏసీ తగ్గించండి, గాలిని అద్దం మీదికి తిప్పండి, ఫ్యాన్ పెంచండి, వైపర్ వేగం మార్చండి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఇందులో ఏది చేయలేకపోయినా కారు గురించి ఇంకోసారి ఆలోచించండి. పై మోడల్‌లో తెర, కింది మోడల్‌లో నాబ్ ఉన్న చోట, అదనపు లక్ష పెట్టి బటన్ పోగొట్టుకుంటున్నామేమో చూసుకోండి. ఇంట్లో నడిపేది అరవై దాటిన నాన్నగారైతే ఆయన్నే కూర్చోబెట్టి చేయించండి.

ఇప్పటికే తెర కారు కొన్నవాళ్లు బయల్దేరే ముందే ఏసీ, మ్యాప్, పాటలు సర్దుకోండి. స్టీరింగ్ మీద ఇష్టమొచ్చిన పనికి పెట్టుకోగల బటన్ ఉంటే దాన్ని పాటలకు కాకుండా అద్దం ఆవిరి తొలగించే పనికి పెట్టుకోండి. ఆటో వైపర్లు, ఆటో ఏసీ ఉంటే వాటినే నమ్ముకోండి, చేత్తో మార్చకండి. పక్క సీట్లో మనిషి ఉంటే తెర పని వాళ్లదే. గొంతుతో చెప్పే ఆదేశాలు వేలితో తాకడం కన్నా నయమే, కానీ అవి కూడా ఉచితం కాదు. పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనంలోనే గొంతుతో వాడినవాళ్లకు కూడా స్పందన మామూలు కన్నా కనీసం 30 శాతం ఆలస్యమైంది. మన యాసను యంత్రం మూడుసార్లు అడిగించుకుంటే ఆ ఆలస్యం ఇంకెంత అవుతుందో చెప్పనక్కర్లేదు.

క్యాబ్‌ల పరిస్థితి వేరు. డ్రైవరు ముందు కంపెనీ తెర ఒకటి, పక్కన క్లిప్‌కు బిగించిన ఫోను ఒకటి. ఫోనులో బుకింగ్ వచ్చిన కొన్ని సెకన్లలోపు ఒప్పుకోకపోతే అది వేరేవాళ్లకు పోతుంది. ఆ తొందరను యాప్ నడిపేవాళ్లే తయారు చేశారు, బండి కదులుతున్నప్పుడు బుకింగులు చూపించకుండా వాళ్లే ఆపగలరు. రాష్ట్ర రవాణా శాఖలు క్యాబ్ సంస్థలకు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఆ షరతు పెట్టవచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఇంకో దారి ఉంది, దానికి ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. 108 అంబులెన్సులు, పోలీసు పెట్రోలింగ్ వాహనాలు, అధికారుల కార్లు, ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు వందల సంఖ్యలో కొనేదో అద్దెకు తీసుకునేదో ప్రభుత్వాలే. అర్ధరాత్రి వానలో సైరన్‌తో పరిగెత్తే అంబులెన్సు డ్రైవరు ముందు అద్దం ఆవిరి కోసం తెర మీద పేజీలు తిప్పే పరిస్థితి రాకూడదు. ముందు అద్దానికి గాలి, వైపర్, హెడ్‌లైట్, హజార్డ్ లైట్లు, హారన్, సైరన్ అన్నీ చూడకుండా చేత్తో తడిమి వాడుకునే మీటలు, బటన్లుగానే ఉండాలని వచ్చే టెండరు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చండి.